డిస్నీలో క్రిస్మస్ రద్దీకి రేటు కట్టిన ఏడాది

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో, మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి ఒక్క రోజు టికెట్ 2026 క్రిస్మస్ వారంలో 209 డాలర్లు. మన లెక్కలో 18 వేల రూపాయల పైమాటే. అక్కడ టికెట్ 200 దాటడం ఇదే మొదటిసారి. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్ ఈ విషయంలో ముందే ఒక అడుగు పైన ఉంది. బాగా రద్దీగా ఉండే రోజులకి 224. 2025 అక్టోబరులో ఈ రేట్లు బయటికొచ్చాక పాత గొడవ మళ్లీ మొదలైంది. ఇంత కట్టించుకుని కాలు పెట్టే సందు లేకుండా జనాన్ని లోపలికి ఎందుకు వదులుతున్నారు? అన్ని కౌంటర్ల దగ్గరా మనుషులు ఎందుకు ఉండరు?

మాటలన్నీ టికెట్ చుట్టూనే తిరుగుతున్నాయి. ఫ్లోరిడా పార్కు ఉద్యోగుల యూనియన్ ఒప్పందం గడువు కూడా అదే 2026 అక్టోబరులో తీరిపోతుందన్న సంగతిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అంటే జీతాల బేరమూ, ఇప్పటిదాకా లేనంత ఖరీదైన క్రిస్మసూ ఒకదాని వెనకే ఒకటి రాబోతున్నాయి.

పార్కు ఎప్పుడు పుట్టింది, ఎవరు కట్టారు అనేవి అందరికీ తెలిసినవే. ఇప్పటి తగువు అర్థం కావాలంటే 2016 ఫిబ్రవరి దగ్గర ఆగితే చాలు.

అప్పటిదాకా మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక్క రోజు టికెట్‌కి ఏడాది పొడుగునా ఒకటే రేటు, 105 డాలర్లు. బడులు తెరిచాక సెప్టెంబరులో ఖాళీగా ఉండే మంగళవారం వెళ్లినా, డిసెంబరు 27న వెళ్లినా తేడా లేదు. అందుకే క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ జనం పోటెత్తేవారు. పార్కు నిండిపోతే గేట్లు దశలవారీగా మూసేవారు. ముందు మామూలు సందర్శకులను ఆపేవారు, డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లను అందరికంటే చివర ఆపేవారు. పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చినవాళ్లను పండగపూట గేటు దగ్గరి నుంచి వెనక్కి పంపడం ఏ కంపెనీకైనా చెడ్డపేరే. ఆ రోజుల్లో రద్దీ అంటే కంపెనీకి తలనొప్పి.

2016 ఫిబ్రవరిలో ఆ ఒక్క రేటు మూడైంది. తక్కువ జనం ఉండే రోజుకి 105, మామూలు రోజుకి 110, రద్దీ రోజుకి 124. డిస్నీలాండ్‌లోనూ అదే పని చేశారు; అంతకుముందు 99 ఉన్నది 95, 105, 119గా విడిపోయింది. క్రిస్మస్ సహజంగానే పై రేటులో పడింది. జనాన్ని ఏడాది పొడుగునా సర్దడానికే ఇదంతా అని కంపెనీ చెప్పింది. విమానాలూ హోటళ్లూ ఎప్పటినుంచో చేస్తున్నదే కాబట్టి పెద్దగా ఎవరూ అభ్యంతరపెట్టలేదు.

అయితే బడి సెలవులు సర్దుకోవు కదా. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉండే తెలుగు కుటుంబాన్నే చూడండి. పిల్లలకి రెండు వారాలు సెలవు, ఆఫీసులో పని పలచబడే రోజులూ అవే. హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్లను చలి నుంచి తప్పించి ఫ్లోరిడా తీసుకెళ్లడానికి అంతకంటే మంచి సమయం లేదు. రేటు ఇరవై డాలర్లు పెరిగిందని వీళ్లు సెప్టెంబరుకి మారరు, గొణుక్కుంటూనే కడతారు. రేటు పెంచినా జనం తగ్గకపోవడంతో, తలనొప్పిగా ఉన్న రద్దీ అమ్ముకునే సరుకైపోయింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఆ తర్వాత జరిగినవన్నీ దీని కొమ్మలే. 2018 అక్టోబరులో ఫ్లోరిడాలో రెండు మూడు రోజుల టికెట్లకి కూడా తేదీని బట్టి రేటు పెట్టారు. 2022 డిసెంబరులో వాల్ట్ డిస్నీ వరల్డ్‌లోని నాలుగు పార్కులకీ వేర్వేరు రేట్లు వచ్చాయి, మ్యాజిక్ కింగ్‌డమ్‌ది పండగ రోజుల్లో 189కి చేరింది. 2025 క్రిస్మస్‌కి అదే 199.

దీనికి విత్తనం 1983లోనే పడిందని అనేవాళ్లూ ఉన్నారు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో వేరే టికెట్‌తో రాత్రిపూట క్రిస్మస్ పార్టీ మొదలైంది ఆ ఏడాదే. ఒక్క రాత్రి వేడుక కాస్తా ఇప్పుడు నవంబరు నుంచి ఇరవైకి పైగా రాత్రులైంది, ఖరీదైన రాత్రుల టికెట్ 200 డాలర్లు దాటింది. పార్టీ ఉన్న రోజు మామూలు టికెట్ వాళ్లు సాయంత్రం 6 గంటలకి పార్కు వదిలిపోవాలి. (తెలిసినవాళ్లు కావాలని ఆ రోజులే ఎంచుకుంటారు, పగలు జనం తక్కువని. పైగా సరిగ్గా క్రిస్మస్ వారం వచ్చేసరికి పార్టీలు అయిపోతాయి, అందులోని పరేడూ బాణసంచా మామూలు టికెట్ వాళ్లకీ దొరుకుతాయి.) కానీ ఈ వాదన నాకు అంతగా నచ్చదు. పార్టీ అనేది అదనంగా ఇచ్చినదానికి అదనంగా తీసుకోవడం. 2016 నుంచి జరుగుతున్నది వేరు: అదే పార్కు, అవే రైడ్లు, ఇంకా పొడుగు క్యూలు, వాటికి ఎక్కువ రేటు.

క్యూల సంగతీ అంతే. పొడుగు క్యూలో నిలబడకుండా ముందే వేళ తీసుకుని రైడ్ ఎక్కే ఫాస్ట్‌పాస్ 1999లో వచ్చింది, అది ఉచితం. కోవిడ్‌కి మూసేసినప్పుడు అదీ పోయింది. 2021 అక్టోబరులో జీనీ ప్లస్ పేరుతో తిరిగొచ్చేసరికి ఫ్లోరిడాలో రోజుకి మనిషికి 15 డాలర్లు. ఏడాది తిరక్కుండానే దానికీ తేదీని బట్టి రేటు. 2023 క్రిస్మస్‌కి మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 39 దాకా పోయింది. 2024 చివర్లో, డబ్బు కట్టే లైను ఉన్న ఒక్కో రైడ్‌కి ఒక్కోసారి ఎప్పుడైనా వెళ్లగలిగే ప్రీమియర్ పాస్ వచ్చింది, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అది ఆ క్రిస్మస్ వారంలో 449. టికెట్‌కి ఇది అదనం. 1982 దాకా రైడ్‌కో కూపన్ చొప్పున పుస్తకాలు అమ్మేవారు, ఒకే టికెట్ పెట్టి వాటిని తీసేశారు. నలభై ఏళ్లకి ఫోన్‌లో అవే మళ్లీ వచ్చాయి.

తిరుమలలో సర్వదర్శనం లైనులో నిలబడి 300 రూపాయల టికెట్ లైను ముందుకు కదలడం చూసినవాళ్లకి ఇక్కడి వ్యవహారం విడమరచి చెప్పక్కర్లేదు. డబ్బు కట్టిన లైనూ కట్టని లైనూ రైడ్‌కి కాస్త ముందు ఒకచోట కలుస్తాయి. అక్కడ ఒక ఉద్యోగి నిలబడి ఉంటాడు. కట్టిన వైపు నుంచి గుంపులు గుంపులుగా వదిలి, కట్టని వైపు నుంచి ఒకటి రెండు కుటుంబాలను పిలుస్తుంటాడు. బోర్డు మీద గంటన్నర అని చూసి చేరి, రెండు గంటలు నిలబడ్డ తండ్రి అరిచేది ఆ మనిషి మీదే. రేటు పెట్టింది అతను కాదు, లైన్లు గీసిందీ అతను కాదు. షిఫ్ట్ అయ్యేదాకా నవ్వు చెరగకూడదు. క్రిస్మస్ వారంలో పార్కు వేళలు రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి, సెలవు దొరకడం కష్టం. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు కూడా తిండి కౌంటర్ల దగ్గరికీ క్యూల దగ్గరికీ సాయానికి దిగే అలవాటు డిస్నీలో పాతదే. అదే వారంలో ఉద్యోగులకిచ్చే ఉచిత ప్రవేశ పాసులకేమో చాలా తేదీలు బ్లాక్.

వాళ్ల జీతాలు తేదీని బట్టి మారవు, ఒప్పందాన్ని బట్టి మారతాయి. 2018 మొదట్లో కంపెనీ అమెరికాలోని తన ఉద్యోగుల్లో చాలామందికి వెయ్యి డాలర్ల బోనస్ ప్రకటించింది. ఫ్లోరిడా యూనియన్ ఉద్యోగులకి మాత్రం, తామిచ్చే ఒప్పందానికి ఒప్పుకుంటేనే అని మెలిక పెట్టింది. యూనియన్లు జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకి ఫిర్యాదు చేశాయి. నెలల తరబడి లాగి, ఆ సెప్టెంబరుకి గంటకి 10 డాలర్ల కనీస వేతనం 2021 నాటికి 15 అయ్యేలా ఒప్పందం కుదిరింది. కాలేజీ ఫీజు కట్టే ఆస్పైర్ పథకాన్ని కంపెనీ అదే ఏడాది మొదలుపెట్టింది. ఉద్యోగులకి ఏం చేశారని ఎవరడిగినా ఇప్పటికీ ముందు దాన్నే చూపిస్తుంది.

తర్వాత 2020. సెప్టెంబరులో అమెరికా పార్కుల విభాగంలో 28 వేలమందిని తీసేస్తున్నట్టు ప్రకటించారు. వాళ్లలో మూడింట రెండు వంతులు పార్ట్‌టైమ్ వాళ్లే. పండగ సీజన్‌ని నడిపించేది ఎక్కువగా ఇలాంటివాళ్లూ, కాలేజీ ప్రోగ్రామ్ కింద వచ్చే విద్యార్థులూ. ఆ ప్రోగ్రామ్ 2020 మార్చిలో ఆగిపోయి, 2021 వేసవిలో గానీ తిరిగి మొదలవలేదు. ఆ లోటు ఇంకా పూడకముందే 2021 క్రిస్మస్ వచ్చింది, డబ్బు కట్టే క్యూ కూడా అప్పుడే వచ్చింది. ఆ త్రైమాసికంలో అమెరికా పార్కుల్లో ఒక్కో సందర్శకుడి సగటు ఖర్చు 2019 ఆర్థిక సంవత్సరంలోని అదే త్రైమాసికంతో పోలిస్తే 40 శాతానికి పైగా పెరిగిందని కంపెనీ స్వయంగా ఇన్వెస్టర్లకి చెప్పుకుంది. కౌంటర్లో మనిషి తగ్గాడు, జేబులోంచి వచ్చే డబ్బు పెరిగింది.

కాలిఫోర్నియాలో కథ కోర్టుకెక్కింది. నగరం నుంచి పన్ను రాయితీలు పొందే రిసార్టులు గంటకి కనీసం 2019లో 15 డాలర్లతో మొదలుపెట్టి 2022 నాటికి 18 ఇవ్వాలని, డిస్నీలాండ్ ఉన్న అనహైమ్ నగర ఓటర్లు 2018 నవంబరులో తీర్పిచ్చారు. అది మాకు వర్తించదు, రాయితీ ఒప్పందాలు మేమే రద్దు చేయించుకున్నాం అంది డిస్నీ. ఉద్యోగులు దావా వేశారు. 2023 జులైలో అప్పీలు కోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. 2024 డిసెంబరులో 233 మిలియన్ డాలర్లకి రాజీ కుదిరింది. ఓటు పడిన రోజు నుంచి ఆరేళ్లు. ఈలోగా డిస్నీలాండ్ టికెట్ ఎన్నిసార్లు పెరిగిందో లెక్క వేయక్కర్లేదు, ఒక్కసారైనా ఎవరూ ఓటేయాల్సిన పని పడలేదు. అదే 2024లో సమ్మెకి సిద్ధమని 99 శాతం ఓటేశాకే అక్కడ కనీసం 24 డాలర్లకి దారి దొరికింది.

ఫ్లోరిడాలో పోయినసారి ఒప్పందం గడువు తీరింది 2022 అక్టోబరులో. కొత్తది కుదరకుండానే క్రిస్మస్ వచ్చేసింది. మ్యాజిక్ కింగ్‌డమ్ టికెట్ 189కి చేరింది కూడా సరిగ్గా ఆ డిసెంబరులోనే. పాత జీతాల మీదే ఆ సీజన్ అంతా నడిపించాక, ఏడాదికి గంటకో డాలర్ పెంచుతామన్న కంపెనీ ప్రతిపాదనని 2023 ఫిబ్రవరిలో ఓటేసినవాళ్లలో 96 శాతం తిప్పికొట్టారు. మార్చి చివరికల్లా కంపెనీ దిగొచ్చింది: ఏడాది చివరికి కనీసం 18, ఒప్పందం ముగిసేనాటికి 20.50, మధ్యలో పోయిన నెలల బకాయిలు. లాభాల ఆరాటంలో కొన్ని రేట్ల విషయంలో కాస్త అతి చేశామేమో అని అప్పటి సీఈవో బాబ్ ఐగర్ అన్నదీ ఆ మార్చిలోనే. అప్పటికే ఆ జనవరిలో రిసార్ట్ హోటళ్లలో రాత్రి పార్కింగ్ ఫీజు తీసేశారు గానీ క్రిస్మస్ టికెట్ తగ్గలేదు.

పదేళ్లలో టికెట్ 105 నుంచి 209 అయితే కనీస జీతం కూడా 10 నుంచి 20.50 అయింది కదా, సరిపోయింది అనే లెక్క కంపెనీ వైపు నుంచి రావచ్చు. అంకెలు నిజమే. కాకపోతే ఫ్లోరిడా రాష్ట్ర కనీస వేతనమే 2020 నాటి ప్రజా ఓటుతో 2026 సెప్టెంబరు 30న 15కి చేరుతోంది. ఓర్లాండో చుట్టుపక్కల అద్దెలు భరించలేక 192 హైవే మీది మోటెల్ గదుల్లో కాపురాలు చేస్తున్న ఉద్యోగుల సంగతి అమెరికా పత్రికల్లో ఏళ్లుగా వస్తూనే ఉంది.

ఈసారి గడువు కూడా అక్టోబరే. 2022లో యూనియన్ క్రిస్మస్ దాటనిచ్చి, జనం ఇళ్లకి వెళ్లిపోయాక ఫిబ్రవరిలో ఓటు పెట్టింది. 2026లోనూ అలాగే ఆగుతుందా, లేక 209 డాలర్ల వారం రాకముందే తేల్చమంటుందా అన్నదాని మీదే బేరం ఆధారపడి ఉంది.