సోర్‌డో తింటే షుగర్ పెరగదంట కదా? ఈ మాట అడిగిన ప్రతి ఒక్కరికీ

పోయిన శనివారం సోర్‌డో, అంటే ప్యాకెట్ ఈస్ట్ వేయకుండా పిండిని దానంతటదే పులియనిచ్చి కాల్చే రొట్టె, తీసుకెళ్లడానికి వచ్చిన ఒక పెద్దాయన గుమ్మంలోనే సంతోషంగా చెప్పారు: "అమ్మా, నీ రొట్టె మొదలుపెట్టాక షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపేశాను. సోర్‌డోకి షుగర్ పెరగదంట కదా!" నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. లోపల కూర్చోబెట్టి మా నాన్నగారి గ్లూకోమీటర్‌తో చూస్తే, ఇంకా టిఫిన్ కూడా చేయని మనిషికి 212 ఉంది. అక్కడి నుంచే వాళ్ల డాక్టర్‌కి ఫోన్ చేయించాను.

పద్మారావునగర్‌లో మా ఇంట్లోనే 8 ఏళ్లుగా సోర్‌డో చేస్తున్నాను, ఆదివారాలు నేర్పిస్తున్నాను. ఈ ఒక్క మాట వినని వారం లేదు. అందుకే ముందు దీని సంగతి తేల్చి, మిగతావి తర్వాత చెబుతాను.

అపోహ: సోర్‌డోతో షుగర్ పెరగదు, కడుపునిండా తినొచ్చు.

వాస్తవం: పెరుగుతుంది. తెల్ల బ్రెడ్‌తో పెరిగినంత వేగంగా పెరగదు, అంతవరకే నిజం. పిండి పులిసేటప్పుడు లాక్టిక్ ఆమ్లం, అసిటిక్ ఆమ్లం తయారవుతాయి. మొదటిదాని వల్ల రొట్టెలోని పిండిపదార్థం నిదానంగా అరుగుతుంది. రెండోది కడుపులోంచి తిండి కిందికి జారడాన్ని ఆలస్యం చేస్తుంది. అందుకే తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ తెల్ల బ్రెడ్‌ది 70 పైన ఉంటే, సోర్‌డోది చాలాసార్లు 50ల్లో ఉంటుంది. ఫార్వర్డ్ మెసేజ్‌లు ఈ అంకె దగ్గరే ఆగిపోతాయి.

ఆ అంకె ఎలా వచ్చిందో ఎవరూ చెప్పరు. రెండు తిండ్లలోనూ పిండిపదార్థం సమానంగా, సాధారణంగా 50 గ్రాములు ఉండేలా తూచి పెట్టి, అప్పుడు పోలుస్తారు. మన పళ్లెంలో ఎంత పడిందో దానికి తెలియదు. కాబట్టి మన రొట్టె లెక్క మనమే వేసుకుందాం. 500 గ్రాముల మైదాతో చేసిన రొట్టె కాలాక దాదాపు 750 గ్రాములు తూగుతుంది. 15 ముక్కలు కోస్తే ముక్క 50 గ్రాములు, అందులో పిండిపదార్థం సుమారు 25 గ్రాములు. 30 గ్రాముల గోధుమపిండితో చేసిన పుల్కాలో ఉండేది 20 గ్రాములు. అంటే ఒక్క ముక్క ఒక పుల్కా కంటే ఎక్కువే. రాత్రంతా పులిసినా అందులోని సూక్ష్మజీవులు తినేసేది పిసరంతే. మైదాతో చేసిన సోర్‌డో పులిసిన మైదానే. కనీసం సగం ముడి గోధుమపిండి కలిపితే పీచు పెరుగుతుంది, ఇంకాస్త మేలు.

ఇది నేను మా ఇంట్లోనే నేర్చుకున్నాను. మా నాన్నగారికి 20 ఏళ్లుగా షుగర్. మొదట్లో నేనూ "ఇది మంచిది నాన్నా, తినండి" అని ముందు పెట్టేదాన్ని. ఆయన చాయ్‌తో 4 ముక్కలు తినేవారు. ఒకరోజు తిన్న 2 గంటలకు చూస్తే 248. ఆ రోజు నేను సరిగ్గా నిద్రపోలేదు. మర్నాటి నుంచి ఒక నోటుబుక్కు పెట్టి రాయడం మొదలుపెట్టాం. ఒకే ముక్క, దానితో ఉడికించిన గుడ్డు, కీరా, గుప్పెడు వేయించిన శనగలు ఉన్న రోజుల్లో 160 దగ్గర ఆగింది. అది ఆయన ఒంటి లెక్క, మీది మీరే చూసుకోవాలి. తినేముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన 2 గంటలకు ఇంకోసారి చూసి రాసుకోండి. వారం తర్వాత ఆ కాగితం మీ డాక్టర్‌కి చూపించండి. మాత్ర అయినా ఇన్సులిన్ అయినా తగ్గించాల్సింది ఆయనే. ఏ రొట్టే మందుకు బదులు కాదు.

అన్నం తగ్గించమన్నారు, ఇడ్లీ తగ్గించమన్నారు, మామిడిపండు వద్దన్నారు. ఏదో ఒక్కటైనా భయం లేకుండా తినాలని ఎవరికి మాత్రం ఉండదు? ఆ ఆశ ఉన్నవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల భయాన్ని వాడుకుని "షుగర్‌కి సోర్‌డోనే మందు" అని రాసేవాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది.

అపోహ: పులిస్తే గ్లూటెన్ పోతుంది.

గ్లూటెన్ అంటే గోధుమలో ఉండే, పిండికి సాగే గుణం ఇచ్చే ప్రోటీన్. పులిస్తే అది కొంత విరుగుతుంది, పోదు. గ్లూటెన్ పూర్తిగా పోతే ఆ రొట్టె అసలు పొంగదు. గ్లూటెన్ ఫ్రీ అనాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. గోధుమ సోర్‌డో ఆ దరిదాపుల్లో కూడా ఉండదు. గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు దీన్ని ముట్టొద్దు, "కొంచెం రుచి చూస్తా" అని కూడా అనొద్దు. బ్రెడ్ తింటే కడుపుబ్బరం మాత్రమే ఉన్నవాళ్ల సంగతి వేరు. ఎక్కువసేపు పులిస్తే గోధుమలో ఉండే, కడుపులో గ్యాస్ చేసే ఫ్రక్టాన్లు తగ్గుతాయి కాబట్టి చాలామందికి తేలికగా అనిపిస్తుంది. సీలియాక్ ఉందేమోనని అనుమానం ఉంటే గోధుమ మానేయకముందే రక్తపరీక్ష చేయించుకోండి. మానేశాక చేస్తే సరిగ్గా తేలకపోవచ్చు.

అపోహ: సోర్‌డో ప్రోబయాటిక్.

ప్రోబయాటిక్ అంటే ఒంటికి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు ఉండే తిండి. ఓవెన్‌లో రొట్టె లోపలి వేడి 95 డిగ్రీలు దాటుతుంది. పిండిని పులియబెట్టిన బ్యాక్టీరియా బతకదు. అవి కావాలంటే పెరుగు తినండి. రొట్టె కాలకముందే అవి చేసిపెట్టిన పని మాత్రం మనకు దక్కుతుంది. ముడి గోధుమలో ఖనిజాలను పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం తగ్గి ఇనుము, జింక్ ఒంటికి బాగా పడతాయి.

అపోహ: ప్యాకెట్ మీద సోర్‌డో అని ఉంటే చాలు.

వెనక్కి తిప్పి చదవండి. పదార్థాల పేర్లు ఎక్కువ బరువున్న దానితో మొదలవుతాయి. ఈస్ట్, వెనిగర్, ప్రిజర్వేటివ్ 282 కనిపిస్తే అది గబగబా పొంగించి పులుపు కలిపినది అయ్యుండొచ్చు. పిండి బాగా పొంగడానికి బ్రెడ్‌లో వాడుతూ వచ్చిన పొటాషియం బ్రోమేట్ అనే రసాయనాన్ని మన దేశంలో 2016లోగానీ అనుమతుల జాబితా నుంచి తీసేయలేదు. ఇంట్లో చేసుకుంటే పిండి, నీళ్లు, ఉప్పు, అంతే. ఇంటి రొట్టె లాభాల్లో నేను మొట్టమొదట చెప్పేది ఇదే.

అపోహ: హైదరాబాద్ ఎండలకు స్టార్టర్ బతకదు.

స్టార్టర్ అంటే రొట్టె పులియడానికి వేసే, పిండి నీళ్లు కలిపి పులియబెట్టి ఉంచుకునే ముద్ద. అది ఇక్కడ బాగా బతుకుతుంది, ఆకలి మాత్రం ఎక్కువ. మే నెలలో ఒకవంతు స్టార్టర్‌కి 5 వంతుల పిండి, 5 వంతుల నీళ్లు వేయండి. చల్లటి దేశాల వాళ్లు రాసిన గంటల లెక్క ఇక్కడ పట్టుకుంటే పిండి జావైపోతుంది. మన వంటింట్లో 3, 4 గంటల్లోనే పొంగుతుంది. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

మొన్న కూకట్‌పల్లి నుంచి ఒకమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది, స్టార్టర్ పైన బూడిదరంగు నీళ్లు తేలాయి, చచ్చిపోయిందని. ఆ నీళ్లు ఒంపేసి పిండి వెయ్యమ్మా అన్నాను. మర్నాడు సీసా అంచు దాటి పొంగిన ఫొటో పంపింది. పింక్ లేదా నారింజ రంగు చారలు గానీ బూజు గానీ కనిపిస్తే మాత్రం పైపైన తీసేసి వాడొద్దు. మొత్తం పారబోసి సీసాను మరిగే నీళ్లతో కడగండి. కొత్తది తయారవడానికి మన ఎండకు వారం, పది రోజులు చాలు.