ఏ కనుమ తెరిచుంది? లాహౌల్-స్పితి జిల్లాపై అపోహలు, వాస్తవాలు

పాడేరు ఏజెన్సీలో ఎనిమిదేళ్లు భూ రికార్డుల మీద, గ్రామసభల శిక్షణ మీద పనిచేశాక హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్-స్పితికి వెళ్లాను. అక్కడా అదే పని. అప్పటి నుంచి ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ జిల్లా గురించి ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉంటారు. బైకు మీద వెళ్లొచ్చినవాళ్లు కొన్ని చెబుతారు, గ్రూప్స్‌కు చదివే పిల్లలు నోట్సులో ఉన్నవి కొన్ని చెబుతారు. సగం నిజాలు, సగం కాదు. ఎక్కువసార్లు విన్నవాటి గురించి రాస్తున్నాను.

అపోహ: లాహౌల్-స్పితి అనేది ఒక లోయ, ఒక జిల్లా.

జిల్లా ఒకటే, లోయలు రెండు. వాటి నీళ్లు కూడా కలవవు. లాహౌల్‌లో చంద్ర, భాగ అనే రెండు నదులు తాండి దగ్గర కలిసి చంద్రభాగ అవుతాయి. అదే కిందికి పోయి చినాబ్ అవుతుంది. స్పితి నది అటు తిరిగి కిన్నౌర్‌లోని ఖాబ్ దగ్గర సట్లెజ్‌లో కలుస్తుంది. రెంటికీ మధ్య కుంజుమ్ కనుమ ఉంది. దాని ఎత్తు 4,500 మీటర్ల పైనే. ఏడాదిలో సగం రోజులు అది మంచు కిందే ఉంటుంది.

జిల్లా కేంద్రం కేలాంగ్ లాహౌల్‌లో ఉంది. స్పితికి పెద్ద ఊరు కాజా. కుంజుమ్ మీదుగా వెళ్తే రెండింటి మధ్య 190 కిలోమీటర్ల లోపే, ఒక రోజు ప్రయాణం. ఒక ఏడాది అక్టోబరు చివర కాజాలో పంచాయతీ సభ్యుల శిక్షణ ముగించుకుని కేలాంగ్‌కు బయలుదేరాను. స్పితి వైపు చివరి ఊరు లోసర్. అక్కడ టీ తాగుతుంటే డ్రైవరు వచ్చి, "రాత్రి పైన మంచు పడిందట మేడమ్, ఇక వసంతంలోనే" అన్నాడు. ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే నాకు ముందు అర్థమే కాలేదు. జీపు వెనక్కి తిప్పాం. కాజా, అక్కడి నుంచి కిన్నౌర్‌లోని రికాంగ్ పియో, రాంపూర్, సిమ్లా, మండి, మనాలి, చివరికి కేలాంగ్. సిమ్లా నుంచి కాజాకే 400 కిలోమీటర్ల పైచిలుకు, మనాలి నుంచి సిమ్లాకు మరో 250. ఒళ్లో శిక్షణ కాగితాల సంచీ పెట్టుకుని సొంత జిల్లాలోని రెండో సగానికి చేరడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో ఆ జిల్లా పాలన గురించి తెలిసినంత అంతకుముందు ఏ ఫైలూ చెప్పలేదు.

మనుషుల్లోనూ ఆ తేడా ఉంది. స్పితి దాదాపు అంతా బౌద్ధం. అక్కడి టాబో మఠం క్రీ.శ. 996లో కట్టింది. లాహౌల్‌లో హిందువులూ బౌద్ధులూ కలిసి ఉంటారు. త్రిలోక్‌నాథ్ గుడిలో ఒకే విగ్రహాన్ని కొందరు శివుడిగా, కొందరు అవలోకితేశ్వరుడిగా కొలుస్తారు. భాషలు చూస్తే పట్టణీ, తినన్, గహ్రీ, భోటీ ఇలా ఊళ్లను బట్టి మారిపోతాయి. జిల్లా అంతటికీ ఒకే మాతృభాషలో కరపత్రం వేద్దామని మొదట్లో నేను అడిగినప్పుడు ఆఫీసులోవాళ్లు ఎందుకు మొహాలు చూసుకున్నారో తర్వాత తెలిసింది.

అపోహ: ఈ ప్రాంతం ఎప్పటినుంచో హిమాచల్‌దే.

హిమాచల్‌లో కలిసింది 1966 నవంబరు 1న. అంతకుముందు అది పంజాబ్. ఇంకా వెనక్కి వెళ్తే చరిత్ర ముక్కలు ముక్కలుగా ఉంటుంది. లాహౌల్ ఎగువ భాగం లద్దాఖ్ చేతిలోంచి పదిహేడో శతాబ్దం చివరికి కుల్లూ రాజుల చేతికి వచ్చింది. కుల్లూను 1840 దశకం మొదట్లో సిక్కులు తీసుకున్నారు. 1846లో మొదటి సిక్కు యుద్ధం తర్వాత కుల్లూ, దానితో పాటు లాహౌల్ ఇంగ్లీషువాళ్ల పాలయ్యాయి. వాటిని కాంగ్రా జిల్లాలో కలిపారు. చంద్రభాగ దిగువన ఉదయ్‌పూర్ వైపు మాత్రం చంబా సంస్థానానిదే. ఆ ముక్క స్వాతంత్ర్యం తర్వాత కూడా చంబా జిల్లాలోనే ఉండి, 1975లో గానీ లాహౌల్-స్పితిలో కలవలేదు.

స్పితి కథ వేరు. అది లద్దాఖ్ రాజ్యంలో భాగం. 1846 అమృత్‌సర్ ఒప్పందంతో కాశ్మీర్‌తో పాటు గులాబ్ సింగ్‌కు పోవలసింది. కానీ స్పితి కాశ్మీర్ చేతిలో ఉంటే, టిబెట్ నుంచి శాలువాల ఉన్ని తమ భూభాగానికి వచ్చే దారికి కాశ్మీర్ అడ్డం పడుతుందని ఇంగ్లీషువాళ్లకు భయం పట్టుకుంది. అదే ఏడాది వేరే భూమి ఇచ్చి స్పితిని తీసుకున్నారు. ఒక లోయ ఏ రాజ్యంలో ఉండాలో మేక ఉన్ని తేల్చింది. నేను కలిసిన స్పితి పెద్దల్లో ఈ సంగతి తెలియనివాళ్లు తక్కువ.

తీసుకున్నాక నేరుగా ఏలారా అంటే, అదీ లేదు. 1873 నాటి స్పితి రెగ్యులేషన్ కింద అక్కడి వారసత్వ పెద్ద 'నోనో'కు శిస్తు వసూలు, హత్య తప్ప మిగతా నేరాల విచారణ అప్పగించారు. లాహౌల్‌లోనూ ఠాకూర్ల కుటుంబాలదే పెత్తనం. వాళ్లలో ఒకరు వజీరుగా ఉండి ప్రభుత్వానికి, ప్రజలకు మధ్య నిలబడేవారు. 1941లో కేలాంగ్ కేంద్రంగా ఉప తహసీలు ఏర్పడ్డాకే పాలన అక్కడి గుమ్మం దాకా వచ్చింది.

మరి జిల్లా ఎందుకయింది? 1960 అనే ఏడాదిని కాస్త పట్టుకుని చూడండి. ఆ ఒక్క ఏడాదిలోనే ఉత్తరప్రదేశ్‌లో ఉత్తరకాశీ, చమోలీ, పిథోరాగఢ్, హిమాచల్‌లో కిన్నౌర్, పంజాబ్‌లో లాహౌల్-స్పితి జిల్లాలయ్యాయి. అన్నీ టిబెట్ సరిహద్దువే. 1959లో లాసాలో తిరుగుబాటు, దలైలామా రాక, సరిహద్దులో ఉద్రిక్తత. పాలకులకు ఒక్కసారిగా ఈ లోయలు గుర్తొచ్చాయి. పక్కనున్న కుల్లూ, ఎన్నో రెట్లు జనం ఉన్న ప్రాంతం, 1963 దాకా జిల్లా కాలేదు. జనం కోసం జిల్లా పెట్టి ఉంటే వరస ఇలా ఉండేది కాదు.

అపోహ: అటల్ సొరంగం వచ్చింది కాబట్టి ఇప్పుడు జిల్లా అంతా ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది.

9.02 కిలోమీటర్ల ఆ సొరంగం 2020 అక్టోబరు 3న ప్రారంభమైంది. రోహ్తాంగ్ కనుమ కింద నుంచి మనాలిని లాహౌల్‌తో కలిపింది. కాన్పు కష్టమైన మనిషిని జనవరిలో కుల్లూ ఆసుపత్రికి తీసుకెళ్లడానికి హెలికాప్టరు కోసం ఎదురుచూసిన రోజులు లాహౌల్‌వాళ్లు మరిచిపోలేదు. సొరంగం వాళ్లకు ఎంత పెద్ద సంగతో బయటివాళ్లకు పూర్తిగా అర్థం కాదు. కానీ స్పితికి దానివల్ల చలికాలంలో ఒరిగింది లేదు. మధ్యలో కుంజుమ్ అలాగే ఉంది. చలికాలంలో స్పితికి దారి కిన్నౌర్ మీదుగానే. నిజం చెప్పాలంటే రెండు లోయల మధ్య దూరం ఇంకాస్త పెరిగినట్టే. ఒకటి మనాలి పర్యాటకంలో కలిసిపోతోంది, రెండోది ఎక్కడున్నది అక్కడే ఉంది.

అందుకే కాజాలో ఒక అదనపు డిప్యూటీ కమిషనర్ ఉంటారు. మన దగ్గర కలెక్టర్ అన్నట్టే అక్కడ డీసీ అంటారు. ఆ డీసీ కేలాంగ్‌లో. కాజాలోని ఏడీసీ ఆయన కింద అధికారే గానీ, పనిలో చూస్తే స్పితికి కలెక్టరే. దీని వెనక ఉన్నది సింగిల్ లైన్ పాలన. 1986లో ముందు చంబాలోని పాంగిలో మొదలుపెట్టి, 1988లో మిగతా గిరిజన ప్రాంతాలకు పెంచారు. వైద్యం, విద్య, రోడ్లు, నీళ్లు, ఏ శాఖవాళ్లయినా అక్కడున్న ఆ ఒక్క అధికారికి జవాబు చెప్పాలి. మన ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారికి ఇలాంటి పట్టు కావాలని పాడేరులో ఎన్ని మీటింగుల్లో విన్నానో. అక్కడ మంచు పుణ్యమా అని అది నిజమైంది.

అపోహ: ముప్పై వేల జనం, ఒక్క ఎమ్మెల్యే. అక్కడ రాజకీయం ఏముంటుంది?

2011 లెక్కల్లో జిల్లా జనాభా 31,564. విస్తీర్ణం 13,841 చదరపు కిలోమీటర్లు. విడిపోకముందు శ్రీకాకుళం జిల్లా అంతవి రెండు పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. జనం మాత్రం మన దగ్గర చాలా మండలాలకన్నా తక్కువ. 68 సీట్ల అసెంబ్లీలో జిల్లాకున్నది ఒకే ఒక సీటు, అది ఎస్టీ సీటు.

కానీ 2024లో ఆ సీటు రాష్ట్ర రాజకీయాల నడిబొడ్డుకు వచ్చింది. ఫిబ్రవరిలో రాజ్యసభ ఎన్నికలో పార్టీ మాట దాటి ఓటేసిన ఆరుగురు కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో లాహౌల్-స్పితి సభ్యుడు రవి ఠాకూర్ ఒకరు. ఓట్లు 34-34 సమానమై, చీటీ తీసి ఫలితం తేల్చారు. ఆ ఆరుగురిపై అనర్హత వేటు పడింది. జూన్ 1న జరిగిన ఉప ఎన్నికలో ఆయన బీజేపీ తరఫున నిలబడ్డారు. మాజీ మంత్రి రామ్‌లాల్ మార్కండా స్వతంత్రంగా దిగారు. గెలిచింది కాంగ్రెస్ అభ్యర్థి అనురాధా రాణా. 1972లో గెలిచిన లతా ఠాకూర్ తర్వాత అక్కడి నుంచి అసెంబ్లీకి వెళ్లిన మహిళ ఈమే. మధ్యలో యాభై ఏళ్లు.

అక్కడ ఓటు ఎప్పుడు వేయాలో చాలాకాలం మంచే చెప్పింది. 1998లో రాష్ట్రమంతా ఫిబ్రవరిలో ఓటేస్తే లాహౌల్-స్పితి, కిన్నౌర్, భర్మౌర్ జూన్‌లో వేశాయి. 2007లో ఈ మూడే ముందు నవంబరులో వేశాయి, మిగతావాళ్లు డిసెంబరులో. ప్రపంచంలోకెల్లా ఎత్తైన పోలింగ్ కేంద్రం తాషిగాంగ్ ఈ జిల్లాలోదే, 15,256 అడుగులు. దాన్ని ఒక వింతగా ఫొటోలు వేస్తారు. ఆ ఊరివాళ్లకు అది వింత కాదు, సర్కారు తమ గడప తొక్కే రోజు. ఆ రోజు తాగునీటి గొట్టం గురించి అడగడానికి ఒక మనిషి దొరుకుతాడు.

అపోహ: స్పితికి వెళ్లాలంటే మనకూ పర్మిట్ కావాలి.

భారతీయులకు అక్కర్లేదు. కిన్నౌర్ వైపు నుంచి వచ్చే విదేశీయులకు ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. మనాలిలో బళ్లకు అడిగేది రోహ్తాంగ్ కనుమ ఎక్కడానికి, సొరంగంలో పోవడానికి కాదు.

అపోహ: హిమాలయ గిరిజన జిల్లా కదా, రాజ్యాంగంలోని ఆరో షెడ్యూల్ కింద ఉంటుంది.

పోటీ పరీక్షల పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఆరో షెడ్యూల్ అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరంలకే. లద్దాఖ్ అడుగుతున్నది దాన్నే, ఇంకా రాలేదు. లాహౌల్-స్పితి ఉన్నది ఐదో షెడ్యూల్‌లో. మన పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు ఉన్నదీ అందులోనే. 1975 ఉత్తర్వుతో జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతమైంది. గిరిజన గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం వర్తిస్తుంది. మనకు 1/70 చట్టం ఉన్నట్టు వాళ్లకు 1968 నాటి భూబదిలీ చట్టం ఉంది. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకూడదన్నదే రెండింటి సారం. మనాలిలో హోటల్ కట్టినంత తేలిగ్గా బయటివాడు కాజాలో కట్టలేడు. ఆ తేడా దీనివల్లే.

ఐదో షెడ్యూల్ అక్కడ పుస్తకంలో మాట కాదు. స్పితిలో పాత ఆచారం ప్రకారం ఇల్లూ పొలమూ పెద్దకొడుకువి. అతనికి పెళ్లయ్యాక తల్లిదండ్రులు పెద్దిల్లు వదిలి చిన్నింటికి మారతారు. తమ్ముళ్లు మఠానికి వెళ్లేవాళ్లు. ఇప్పుడు మఠానికి వెళ్లేవాళ్లు తగ్గారు, తమ్ముళ్లకు భూమి కావాలి. దానికున్న దారి నౌతోడ్, అంటే ఇరవై బిఘాల లోపు ఉన్నవాళ్లకు సర్కారు బీడు ఇచ్చి సాగుకు తెచ్చుకోనివ్వడం. అయితే ఆ బీడులో చాలా భాగం రికార్డుల్లో అటవీ భూమి. 1980 అటవీ సంరక్షణ చట్టం వచ్చాక నౌతోడ్‌కు తాళం పడింది. ఐదో షెడ్యూల్ కింద గవర్నర్‌కు ఏ చట్టాన్నయినా ఆ ప్రాంతంలో ఆపే అధికారం ఉంది. 2014 తర్వాత కొన్నేళ్లు ఆ అధికారం వాడి చట్టాన్ని సడలించారు. గడువు అయిపోయింది. మళ్లీ సడలించాలన్నది ఇప్పుడు అక్కడ ప్రతి ఎన్నికలో, ప్రతి గ్రామసభలో వినిపించే మాట.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం అది షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. ఆచారంలో కూతురికి పిత్రార్జితం లేదు. 2015లో హిమాచల్ హైకోర్టు గిరిజన కూతుళ్లకూ వాటా ఉండాలంది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ మాటను తీసేసింది, చట్టం మార్చవలసింది ప్రభుత్వమేనంది. ఆచారాన్ని గౌరవించడం నా వృత్తిలో మొదటి పాఠం. అయినా ఈ ఒక్క విషయంలో నేను కూతుళ్ల పక్షమే. అది దాచుకోను.

కాజాకు పైనున్న ఒక ఊళ్లో పట్వారీ ఒకసారి నేల మీద గుడ్డ పటం పరిచాడు. ఊరి పొలాలన్నీ నల్లసిరాతో గీసిన పాత గుడ్డ. లట్ఠా అంటారు. గాలికి లేవకుండా నాలుగు మూలలా టీ కప్పులు పెట్టాం. మధ్యలో ఇనప తందూర్ మండుతోంది. ఒక నడివయసు ఆవిడ వచ్చి కూర్చుని, తను పదిహేనేళ్లుగా బార్లీ, బఠాణీ పండిస్తున్న మడి ఏదో చూపించమంది. పట్వారీ వేలు పెట్టి చూపించాడు. నంబరు మీద పేరు ఆమె అన్నయ్యది. ఆమె ఆ మడి చుట్టూ వేలితో రెండుసార్లు గీసి, పక్కన సన్నగా ఉన్న గీతను చూపించి, "ఇది మా కాలువ. ఇది నేను తవ్విందే" అంది. కాలువ మాత్రం గుడ్డ మీద నిజంగానే కొత్త సిరాతో ఉంది.