నీళ్లున్నాయి గానీ లోతు నేదు

ఓ వేసవి పొద్దున కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసేచోట నిలబడ్డాను. ఎదురుగా కావలసినన్ని నీళ్లు, ఒడ్డున ఫైబర్ బోటు, దాని అంచున తీరిగ్గా కూర్చున్న ఓ పెద్దాయన. ఇంకా బయల్దేరలేదేమని అడిగితే "నీళ్లున్నాయి గానీ లోతు నేదు బావూ, పోటు రానీ" అన్నాడు.

బడిలో ఆర్కిమెడిస్ సూత్రం బట్టీ పట్టాను గానీ, పడవ తేలడమంటే కొంత మునగడమేనని నాకు అప్పుడే బుర్రకెక్కింది. పడవ తన బరువుకి సమానమైన నీటిని పక్కకి నెట్టేదాకా కిందికి దిగి, అక్కడ ఆగుతుంది. ఇనుప మేకు ఎంత మునిగినా అంత నీటిని నెట్టలేదు. అదే ఇనుమును రేకుగా సాగగొట్టి డొప్పలా వంచితే లోపలి ఖాళీ కూడా లెక్కలోకి వస్తుంది. నమ్మకపోతే స్టీలు గిన్నెను బకెట్లో వదిలి, అందులో గ్లాసుతో కొంచెం కొంచెంగా నీళ్లు పోసి చూడండి.

ఇలా నీళ్లలోకి దిగిన భాగం లోతునే డ్రాఫ్ట్ అంటారు. నీటిమట్టం దగ్గర పన్నెండు చదరపు మీటర్ల వైశాల్యం ఉన్న బోటు అనుకుందాం, అది ఒక్క సెంటీమీటరు దిగితే దాదాపు 120 కిలోల నీటిని నెడుతుంది, అంటే అరవై కిలోల మనుషులు పదిమంది ఎక్కితే దిగేది ఐదు సెంటీమీటర్లే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసేచోట, ఇసుక మేట మీద లెక్క వేరు: అర మీటరు డ్రాఫ్ట్ ఉన్న బోటుకి అర మీటరు నీళ్లు చాలవు, ఎందుకంటే మీటరు ఎత్తు అల వస్తే దాని పల్లంలో నీటిమట్టం సుమారు అర మీటరు పడిపోతుంది, అప్పుడు అడుగు నేలకి కొట్టుకుంటుంది. పైగా లోతు తగ్గేకొద్దీ అల నిటారుగా లేచి, లోతు దాని ఎత్తుకి సుమారు 1.3 రెట్లకి వచ్చేసరికి విరిగిపడుతుంది. పెద్దాయన పోటు కోసం ఎదురుచూసింది అందుకే.

పెద్ద ఓడలకీ ఇదే తంటా. బ్రిటిష్ కాలంలో కళింగపట్నానికి ఓడలు వచ్చేవి గానీ ఒడ్డుకి రాలేక దూరంగా లంగరేసేవి. మధ్యలో సరుకు మోసింది మసులా పడవలు. వాటి పలకల్ని మేకులతో కాకుండా కొబ్బరి తాళ్లతో కుట్టేవారు, ఇసుకకి తగిలినా పగలకుండా కాస్త వంగేవి. ఒడ్డు పక్కకే ఓడ రావాలంటే విశాఖలోలా తవ్వాల్సిందే, అక్కడ లోపలి రేవు మొదలైంది 1933లో. తవ్విన కాలువలోనూ స్పీడుగా వెళ్లకూడదు: లోతు తక్కువైనచోట వేగం పెరిగితే ఓడ ఇంకా దిగబడుతుంది, వేగం రెట్టింపైతే ఆ దిగుడు దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఉప్పునీళ్ల నుంచి మంచినీళ్లలోకి వచ్చినా అంతే, మంచినీళ్లు తేలిక కాబట్టి పది మీటర్ల డ్రాఫ్ట్ ఉంటే పాతిక సెంటీమీటర్లు అదనంగా మునుగుతుంది. ఎంతవరకు మునగొచ్చో చూపడానికి ఓడల పక్కన గీసే గీతల్లో సముద్రానికొకటి, మంచినీళ్లకొకటి ఉండేది ఇందుకే.

వీటన్నిటికంటే నాకు తెప్పంటేనే ముచ్చట. దానికి డొప్పా లేదు, గాలీ లేదు, దుంగల సందుల్లోంచి నీళ్లు పైకొస్తుంటాయి, అయినా కర్ర తేలికే కాబట్టి తేలుతుంది. తంటా అల్లా కర్ర నీళ్లు పీలుస్తుంది, పీల్చినకొద్దీ బరువెక్కి కిందికి దిగుతుంది. అందుకే వేట నుంచి రాగానే తాళ్లు విప్పి, దుంగల్ని దేనికది విడదీసి ఇసుక మీద ఎండబెడతారు.