మొదటిది నెలలు నిండకుండా పుట్టిందా? పాత ఫైలు తెచ్చుకోండి

ఓపీలో తరచూ వినే మాట ఇది: "మొదటిది ఏడో నెలలోనే అయిపోయింది మేడమ్. ఈసారీ అంతేనా?" అడిగేది రెండో గర్భంతో వచ్చినామే అయినా, జవాబు కోసం నా మొహం వంక చూసేది వెనకాల నిలబడ్డ అత్తగారు. బిడ్డను వారాల తరబడి అద్దం అవతల నుంచే చూసుకున్న ఇల్లు కదా, ఆ మాత్రం టెన్షన్ ఉంటుంది. నేను ముందుగా అడిగేది మాత్రం ఒక్కటే: "పాత ఫైలు తెచ్చారా?" చాలామంది తేరు.

37 వారాలు నిండకముందే జరిగితే దాన్ని ముందస్తు కాన్పు అంటాం. 2020లో మన దేశంలో దాదాపు 30 లక్షల మంది పిల్లలు ఇలా పుట్టారు. ఇంకే దేశంలోనూ ఇంతమంది లేరు.

అపోహ: ఒకసారి అలా అయితే ప్రతిసారీ అంతే.

రిస్క్ పెరిగే మాట నిజమే. మామూలు గర్భిణులతో పోలిస్తే సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. అయినా వీళ్లలో ఎక్కువమందికి రెండో కాన్పు నెలలు నిండాకే అవుతుంది. అసలు చూడాల్సింది పోయినసారి అది ఎన్నో వారంలో జరిగింది, ఎలా మొదలైంది అన్నది. నొప్పులు వాటంతట అవే వచ్చాయా? ముందు ఉమ్మనీరు పోయిందా? నొప్పే తెలియకుండా గర్భసంచి మూతి తెరుచుకుందా? లేక బీపీ పెరిగిందని డాక్టర్లే కాన్పు చేసేశారా? ఒక్కోదానికి దారి వేరు.

ఒకావిడ "నొప్పులొచ్చి పుట్టేసింది, ఈసారి గర్భసంచి మూతికి కుట్టు వేసేయండి" అంటూ వచ్చింది. పాలిథిన్ కవర్లోంచి తీసిన కాగితాల్లో బీపీ 170/110 అని ఉంది. నొప్పులు వాటంతట రాలేదు, రావడానికి మందు పెట్టారు. ఆమెకు కుట్టుతో పనే లేదు. బీపీ మళ్లీ అలా పెరిగే ముప్పు తగ్గడానికి కావాల్సింది 12 వారాలు దాటాక మొదలుపెట్టే తక్కువ మోతాదు ఆస్పిరిన్. 16 వారాలలోపే మొదలైతే మేలు. ఆ కవరు తేకపోయుంటే ఆమె మాట నమ్మి నేనూ వేరే దారిలో వెళ్లేదాన్నేమో.

అపోహ: మంచం దిగకుండా ఉంటే బిడ్డ నిలుస్తుంది.

ఇందులో మా డాక్టర్ల తప్పూ ఉంది. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టించి నెలల తరబడి పడుకోబెట్టిన రోజులున్నాయి. దానివల్ల ముందస్తు కాన్పు ఆగుతుందని రుజువు కాలేదు. పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, కండ, ఎముక బలం తగ్గుతాయి, మనిషి దిగులుతో కుంగిపోతుంది. బరువులు ఎత్తడం, గంటల తరబడి నిలబడే పని, నైట్ షిఫ్టులు తగ్గించుకోండి. ఇంట్లో తిరగండి, వండుకోండి. రక్తం కనిపించినా నీరు పోతున్నా మాత్రం సంగతి వేరు, అప్పుడు ఏం చేయాలో మీ డాక్టరు చెబుతారు.

అపోహ: కింద నుంచి చేసే స్కాన్‌తో అబార్షన్ అవుతుంది.

అవదు. ఆ పరికరం యోనిలోనే ఆగుతుంది, గర్భసంచి లోపలికి వెళ్లదు. మూతి ఎంత పొడవుందో కచ్చితంగా తెలియాలంటే ఇదే మార్గం. పొట్ట మీద నుంచి చూస్తే, మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు పొడవు ఎక్కువున్నట్టు కనిపించి మోసం చేస్తుంది. పోయినసారి నొప్పులు వాటంతట వచ్చినవాళ్లకు 16వ వారం నుంచి 24 దాకా సుమారు రెండు వారాలకోసారి కొలుస్తాం. టిఫా (ఐదో నెలలో బిడ్డ అవయవాలు చూసే స్కాన్) దాకా ఆగితే కొందరికి ఆలస్యమైపోతుంది.

24 వారాలలోపు ఆ పొడవు 25 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే రెండు ఆయుధాలున్నాయి. ఒకటి రాత్రిపూట యోనిలో పెట్టుకునే ప్రొజెస్టిరాన్, అంటే గర్భాన్ని నిలబెట్టే హార్మోన్. రెండోది మూతికి వేసే కుట్టు. ఈ కుట్టు పద్ధతి మన దేశపు డాక్టరుదే. బొంబాయిలో పనిచేసిన విఠల్ నగేశ్ శిరోద్కర్ 1955లో దాన్ని ప్రకటించారు. నేటికీ ప్రపంచమంతా ఆయన పేరుతోనే పిలుస్తుంది.

అలాగని కుట్టు అందరికీ కాదు. కవలలున్నారు కదా అని ముందు జాగ్రత్తగా వేసేదీ కాదు. "కుట్టు ఉంది కదా, నొప్పులొచ్చినా ఆగుతాయిలే" అని ఇంట్లో కూర్చోవడం అన్నిటికన్నా ప్రమాదం. కుట్టు ఉండగా నొప్పులు ముదిరితే మూతి చిరిగిపోవచ్చు, వెంటనే విప్పించాలి. నొప్పులు రాకపోతే 36, 37 వారాలప్పుడు మేమే విప్పుతాం.

వారానికొకటి వేసే ప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్ గురించీ అడుగుతారు. అమెరికాలో 2011లో దానికి అనుమతిచ్చారు. తర్వాతి పెద్ద పరిశోధనలో లాభం కనిపించలేదు, 2023 ఏప్రిల్‌లో అనుమతి తీసేశారు. ఎవరో వేయించుకుని నెలలు నిండాక కన్నారని మీరూ వేయించుకోకండి.

అపోహ: ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు.

ఇది మన పల్లెల్లో పుట్టిన మాటే కాదు, ప్రాచీన గ్రీకు వైద్యుల రాతల్లోనూ ఉంది. ఇది నమ్మి "ఎనిమిది రాకముందే తీసేయండి" అని అడిగినవాళ్లున్నారు. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డ ఊపిరితిత్తులకు, మెదడుకు లాభమే. ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డ కన్నా బతికే అవకాశం ఎక్కువ.

బొప్పాయి సంగతి: పండింది తింటే ఏమీ కాదు, పచ్చికాయ వద్దు. గ్రహణానికీ కాన్పుకీ సంబంధం లేదు. వీటి గురించి పడే హైరానాలో సగం మూత్రం కల్చర్ పరీక్ష మీద పెట్టినా బాగుండు. మంట లేకుండా కూడా ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. పొగాకు ఏ రూపంలోనూ వద్దు. కాన్పుకీ మళ్లీ గర్భానికీ మధ్య కనీసం ఏడాదిన్నర ఉండాలి.

పొట్ట ఆగి ఆగి గట్టిపడుతున్నా, నడుము కింద లాగుతున్నా, నీరు పోతున్నా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి, పసిపిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. బిడ్డ ఊపిరితిత్తుల కోసం వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ బాగా పనిచేయాలంటే కాన్పుకు ముందు దాదాపు ఒక రోజు వ్యవధి కావాలి.

శ్రీమంతం అయ్యాక పుట్టింటికి వెళ్తారు కదా. అలాంటి ఆసుపత్రి అక్కడికి ఎంత దూరమో ముందే కనుక్కోండి. ఫైలు చీరల పెట్టె అడుగున కాదు, చేతిసంచిలో పెట్టుకోండి.