ఉస్మానియా పూర్వ విద్యార్థి అని ఎవరిని అనాలి?

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన ప్రముఖులు ఎవరని అడిగితే వినిపించే పేర్లలో మాజీ ప్రధాని పి.వి. నరసింహారావు, జ్ఞానపీఠ గ్రహీత సి. నారాయణరెడ్డి, రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు వై.వి. రెడ్డి, క్రికెటర్ అజారుద్దీన్ తప్పక ఉంటారు. ఈ నలుగురికీ ఆ విశ్వవిద్యాలయంతో ఉన్న బంధం మాత్రం నాలుగు రకాలు. వై.వి. రెడ్డి ఎం.ఏ. మద్రాసులో చేశారు, పీహెచ్‌డీ పట్టా ఉస్మానియాది. అజారుద్దీన్ చదివింది నిజాం కళాశాలలో. పి.వి. న్యాయశాస్త్ర పట్టా నాగపూర్‌ది. బి.ఏ. నుంచి పరిశోధన దాకా చదివి, అక్కడే ఆచార్యుడిగా పాఠాలు చెప్పినవారు సినారె ఒక్కరే. ఈ తేడాలు ఎలా వచ్చాయో తెలియాలంటే విశ్వవిద్యాలయం పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో జారీ చేసిన ఫర్మానాతో 1918లో ఏర్పడిన ఈ సంస్థలో బోధనా భాష ఉర్దూ. ఇంగ్లీషు తప్పనిసరిగా చదవవలసిన ఒక పాఠ్యాంశం. దేశభాషలో ఉన్నత విద్య అప్పటికి సాహసమే. పాఠ్యపుస్తకాలు లేవు కనుక ముందుగా అనువాద శాఖను, అంటే దారుల్ తర్జుమాను నెలకొల్పవలసి వచ్చింది. రసాయన, భౌతిక శాస్త్రాల్లోని ఒక్కొక్క పారిభాషిక పదానికీ ఉర్దూలో ఏ మాట వాడాలో పండితులు, శాస్త్రజ్ఞులు కలిసి కూర్చుని తేల్చేవారు. ఆ తొలి తరంలో గణితం చదివిన రజీయుద్దీన్ సిద్దిఖీ తరువాత జర్మనీలోని లైప్జిగ్‌లో ప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ వద్ద పరిశోధన చేసి, తిరిగి వచ్చి ఇక్కడే ఆచార్యుడయ్యారు. ఉర్దూలో సైన్సు చదివితే ఎందుకూ పనికిరారన్న వాదనకు ఇంతకంటే జవాబు అక్కరలేదు. కవి మఖ్దూం మొహియుద్దీన్ ఎం.ఏ. కూడా ఆ రోజుల్లోదే.

అయితే ఆ ఏర్పాటులో తెలుగు పిల్లలకు ఒక చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. కరీంనగర్ ప్రాంతపు హనుమాజీపేటలో పుట్టిన సినారె బి.ఏ. వరకు ఉర్దూ మాధ్యమంలోనే చదివి, ఆ తరువాత తెలుగు ఎం.ఏ.లో చేరారు. ఆయన గజల్ లయను తెలుగులోకి అంత సులువుగా తేగలగడానికి ఆ చదువు కూడా కారణమని అనుకోవచ్చు.

1938లో వసతిగృహాల విద్యార్థులు వందేమాతరం పాడటాన్ని అధికారులు నిషేధించారు. వెనక్కి తగ్గని వారిని బయటికి పంపించారు. వారిలో చాలామందికి చోటిచ్చింది నాగపూర్ విశ్వవిద్యాలయం. ఆ ఉద్యమంలో పాల్గొని నిజాం రాజ్యం విడిచి వెళ్లిన యువకుల్లో పి.వి. ఒకరు. బయటికి పోవలసి వచ్చినవారి పేర్లనే తరువాతి కాలంలో గర్వంగా చెప్పుకోవడం విశ్వవిద్యాలయాల చరిత్రలో కొత్త కాదు గాని, ఆ పేరు పక్కన ఈ కథ కూడా ఉండాలి.

నిజాం కళాశాలది మరో దారి. 1887లో మొదలైన ఆ కళాశాల ఇంగ్లీషు చదువుకు నిలయం. ఉస్మానియా అదే నగరంలో వెలసినా, 1947 వరకు నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగానే కొనసాగింది. కనుక అంతకు ముందు అక్కడ పట్టభద్రులైన వారిని ఉస్మానియా ఖాతాలో వేయడం పొరపాటు, అజారుద్దీన్ వంటి తరువాతి వారిని వేయడం సబబే. 1948 పోలీసు చర్య తరువాత ఉస్మానియాలోనూ బోధన ఇంగ్లీషులోకి మారింది. కెమికల్ ఇంజనీరింగ్ చదివి క్రికెట్ వ్యాఖ్యాతగా స్థిరపడిన హర్షా భోగ్లే, ఎలక్ట్రానిక్స్ చదివి అడోబీ సంస్థను ఏళ్ల తరబడి నడిపిన శంతను నారాయణ్ ఈ దశకు చెందినవారు.

1976లో వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా ఆ ప్రాంతపు కళాశాలల పట్టాలూ ఉస్మానియావే. అంటే క్యాంపస్‌లో అడుగుపెట్టకుండానే, ఆర్ట్స్ కళాశాల మెట్లు ఎక్కకుండానే ఉస్మానియా పట్టభద్రులైన వారు వేలల్లో ఉంటారు.

వైద్యుల విషయంలో లెక్క తిరగబడుతుంది. 1846లో వైద్య పాఠశాలగా మొదలై, ఉస్మానియా వైద్య కళాశాలగా మారిన సంస్థలో చదివిన మాజీ ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి, కమ్యూనిస్టు నాయకుడు రాజబహదూర్ గౌర్ ఉస్మానియా పట్టభద్రులే. 1986లో విజయవాడలో ఆరోగ్య శాస్త్రాలకు విడిగా విశ్వవిద్యాలయం వచ్చాక వైద్య కళాశాలలు దాని కిందికి వెళ్లాయి. ఆ తరువాత అక్కడ చేరిన వైద్యులు కళాశాల పేరును బట్టి తమను ఉస్మానియా వాళ్లమనే చెప్పుకుంటారు. వారి పట్టా ఇచ్చింది మాత్రం మరో విశ్వవిద్యాలయం.