ఆ ఆహ్వానం స్పామ్ కాదు: కంప్యూటింగ్ ఆనర్ సొసైటీపై అపోహలు - వాస్తవాలు

మా డిపార్ట్‌మెంట్ నుంచి ఉప్సిలాన్ పై ఎప్సిలాన్ (కంప్యూటింగ్‌లో బాగా చదివేవాళ్లను సభ్యులుగా చేర్చుకునే ఆనర్ సొసైటీ) ఆహ్వానాలు వెళ్లిన వారంలోనే, మన ఊళ్ల నుంచి అమెరికా వచ్చి ఎమ్మెస్ చదువుతున్న పిల్లలు ఒక్కొక్కరే నా గదికి వస్తారు. ఫోన్‌లో మెయిల్ చూపించి, "సార్, ఇది నిజమేనా? డబ్బులు కట్టమంటున్నారు" అంటారు. ఆ సొసైటీ ఇక్కడి శాఖకి, అంటే చాప్టర్‌కి అధ్యాపక సలహాదారుని కాబట్టి, వాళ్లకి చెప్పే మాటలే అందరి కోసం రాస్తున్నాను.

అపోహ: డబ్బు అడిగారంటే మోసమే.

వాస్తవం: అనుమానం మంచిదే. ఆనర్ సొసైటీ పేరు చెప్పి, ఎవరికి పడితే వాళ్లకి మెయిళ్లు పంపి ఫీజులు దండుకునేవాళ్లు ఉన్నారు. ఉప్సిలాన్ పై ఎప్సిలాన్ అలాంటిది కాదు. 1967లో టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీలో పుట్టింది. ఆనర్ సొసైటీలకు ప్రమాణాలు పెట్టే అసోసియేషన్ ఆఫ్ కాలేజ్ ఆనర్ సొసైటీస్‌లో దీనికి సభ్యత్వం ఉంది. అయినా కట్టేముందు డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్లి, చాప్టర్ ఉందా, సలహాదారు ఎవరు అని అడగండి. జవాబు చెప్పే మనిషి లేకపోతే ఒక్క డాలరూ కట్టకండి.

అపోహ: గ్రీకు పేరుంది కాబట్టి ఇదీ ఒక ఫ్రెటర్నిటీయే (కాలేజీ కుర్రాళ్ల స్నేహ సంఘం).

వాస్తవం: కాదు. 1776లో మొదలైన ఫై బీటా కప్పా నాటి నుంచి చదువుల సంఘాలు కూడా గ్రీకు అక్షరాలే పెట్టుకుంటున్నాయి. ఇక్కడ చూసేది మార్కులు, పూర్తిచేసిన క్రెడిట్లు. మొదటి సెమిస్టర్‌లో ఆహ్వానం రాలేదని బెంగపడకండి, అప్పటికి చూడ్డానికి మీ గ్రేడ్లే ఉండవు.

అపోహ: వీసాకి పనికొస్తుంది.

వాస్తవం: హెచ్-1బి ఎంపికలో దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అమెరికా పౌరులైన మన పిల్లలకు మాత్రం ఒక మేలుంది. ఫెడరల్ ఉద్యోగాల్లో బ్యాచిలర్స్ డిగ్రీతో మామూలుగా జీఎస్-5 అనే జీతం గ్రేడులో చేరతారు. పైన చెప్పిన అసోసియేషన్ జాబితాలోని సొసైటీలో సభ్యులైతే చాలా ఉద్యోగాల్లో అంతకన్నా పైదైన జీఎస్-7కి అర్హత చూపించుకోవచ్చు.

అపోహ: రెజ్యూమెలో ఒక లైను, అంతకు మించి ఏమీ లేదు.

వాస్తవం: నాకు బాధ కలిగించే మాట ఇదే. 1970లో టెక్సస్ ఎ అండ్ ఎంలోని తొలి చాప్టర్ ఒక ప్రోగ్రామింగ్ పోటీ పెట్టింది. అదే పెరిగి పెద్దదై, ప్రపంచమంతటి కాలేజీ జట్లు తలపడే ఐసీపీసీ ప్రోగ్రామింగ్ పోటీ అయింది. జట్టుకి ముగ్గురు, ఒక్క కంప్యూటర్, ఐదు గంటలు! మన ఇంజినీరింగ్ కాలేజీల్లో రాత్రుళ్లు మేలుకుని ఆ పోటీకి సిద్ధమైనవాళ్లలో ఎంతమందికి తెలుసు, దానికి పురుడు పోసింది ఒక ఆనర్ సొసైటీ చాప్టర్ అని?

మా చాప్టర్ చేసేది చిన్న పని. బుధవారం సాయంత్రాలు ల్యాబ్‌లో మొదటి సంవత్సరం పిల్లలకి సాయం చేస్తుంది. నియమం ఒక్కటే, సాయం చేసేవాళ్లు కీబోర్డు ముట్టుకోకూడదు. ఒకరోజు ఒక కుర్రాడి లింక్డ్ లిస్ట్ (ఒక్కో డబ్బాలో తర్వాతి డబ్బా అడ్రసు దాచుకునే జాబితా) ప్రోగ్రామ్ నడిచిన ప్రతిసారీ కూలిపోతోంది. పక్కన కూర్చున్న గుంటూరు అమ్మాయి, నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడాలంటేనే జంకేది, అతని ముందుకు కాగితం, పెన్సిల్ జరిపి డబ్బాలు, బాణాలు గీయమంది. గీశాడు. "ఇప్పుడు నీ కోడ్ చెప్పినట్టే మధ్య డబ్బా తీసేయ్" అంది. రబ్బరుతో చెరిపేశాడు. తర్వాతి లైను ప్రకారం ఆ డబ్బాలోంచే తర్వాతి అడ్రసు చదవాలి. అతని చెయ్యి ఆగిపోయింది. "బాణం కూడా దాంతోపాటే పోయింది కదా" అని తనే అన్నాడు. ముందు అడ్రసు దాచుకుని, ఆ తర్వాత మెమరీ వదిలేలా రెండు లైన్లు అటూ ఇటూ మార్చాడు. ప్రోగ్రామ్ నడిచింది.

ఆ అమ్మాయి తర్వాత టీచింగ్ అసిస్టెంట్ ఇంటర్వ్యూకి వెళ్లింది. ఎవరికైనా ఏదైనా అర్థమయ్యేలా చెప్పిన సందర్భం ఒకటి చెప్పమన్నారట. కాగితం అడిగి తీసుకుని, డబ్బాలు గీయడం మొదలుపెట్టింది.