క్షయ మందులు మధ్యలో మానేయడం: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో ఛాతీ వ్యాధుల వైద్యునిగా నేను చూసే పాత చికిత్స కార్డుల్లో కొన్నింటిపై “మందులు మానేశాడు” అన్న ఒక్క ముక్క ఉంటుంది. ఎందుకు మానేశాడో మాత్రం ఎవరూ రాయరు. ఆ రాయని చోటనే అపోహలు పుడతాయని నా అభిప్రాయం.

అపోహ: చదువు లేనివారు, నిర్లక్ష్యం గలవారే మానేస్తారు.

వాస్తవం: చేపల రేవు నుంచి మరపడవ మీద వేటకు వెళ్లిన కళాసీ పది పదిహేను రోజుల వరకు ఒడ్డుకు రాకపోవచ్చు. వారానికి సరిపడా మాత్రలే చేతికిచ్చి పంపితే ఎనిమిదో రోజున అతడు మానక తప్పదు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. ఆ నిషేధం మొదట్లో చికిత్సకు వచ్చినవారు 2 నెలల తొలి దశను చక్కగా పూర్తి చేసి, సరిగ్గా ఒంట్లో సత్తువ వచ్చే వేళకు, పడవలు కదలగానే మందులకు దూరమవుతారు. అందుకే వేటకు ఎప్పుడు వెళతారో, ఎన్నాళ్లకు తిరిగివస్తారో మొదటి రోజే అడిగి, అన్నాళ్లకూ సరిపడా మాత్రలను తడవని డబ్బాలో పెట్టి ఇవ్వాలి. ఇక మధురవాడలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసేవారూ మానేస్తారు. ఆఫీసులో తెలిసిపోతుందన్న భయం వారిది.

అపోహ: దగ్గు పోయింది, ఒళ్లు చేసింది, ఇక జబ్బు లేనట్లే.

వాస్తవం: చురుగ్గా పెరిగే క్రిములు తొలి వారాల్లోనే చాలావరకు చస్తాయి కాబట్టి ఆకలీ బరువూ తిరిగివస్తాయి. నిద్రాణంగా ఉన్నవి అంత త్వరగా చావవు. వాటి కోసమే మందులకు లొంగే క్షయకు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ నాలుగింటినీ 2 నెలలు ఇచ్చి, ఆపైన పైరజినమైడ్ తీసేసి మిగిలిన మూడింటినీ మరో 4 నెలలు కొనసాగిస్తాము. రిఫాంపిసిన్ రాకముందు చికిత్స ఏడాదికి పైగా సాగేది.

అపోహ: మూత్రం ఎర్రబడింది, కాబట్టి మాత్రలు వేడి చేసి కామెర్లు వచ్చాయి.

వాస్తవం: ఆ రంగు రిఫాంపిసిన్‌ది, చెమటకూ కన్నీటికీ కూడా అంటుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోవడం మా వైద్యుల తప్పు. చెప్పకపోతే రోగి కంగారుపడి పసరు మందుకు పోతాడు, పసరు తాగినన్నాళ్లూ మాత్రలు మానేస్తాడు. అయితే ఈ మందుల వల్ల నిజమైన కామెర్లు కూడా రావచ్చు. మద్యం ఎక్కువగా తాగేవారికి ఆ ముప్పు మరింత ఎక్కువ. కళ్లు పచ్చబడినా, ఆకలి చచ్చి వాంతులు ఆగకపోయినా మాత్రలు ఆపి ఆ రోజే ఆసుపత్రికి రావాలి. అరికాళ్ల మంటలకు పిరిడాక్సిన్ అనే బి6 విటమిన్ ఉంది. చూపు మసకబారితే వెంటనే చెప్పాలి, ఎందుకంటే అది ఇథాంబుటాల్ వల్ల కావచ్చు.

అపోహ: టీబీ ఉన్నవారు పథ్యంగా గుడ్డూ చేపా మానేయాలి.

వాస్తవం: రెండూ తినవలసినవే. పోషణ కోసం ప్రభుత్వం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేసింది. మానవలసినవి మద్యం, పొగ.

అపోహ: టీబీ ఉన్న కోడలికి కంచం, గ్లాసు వేరు చేయాలి.

వాస్తవం: ఊపిరితిత్తుల క్షయ గాలి ద్వారా వ్యాపిస్తుంది, కంచం వల్ల కాదు. సరైన మందులు మొదలైన కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుంది. కంచం వేరు చేసిన ఇంట్లో ఆమె మాత్రలను బియ్యం డబ్బాలో దాచుకుంటుంది, దాచినవి వేసుకునే సందు దొరకని రోజున మానేస్తుంది.

అపోహ: ఒక రోజు తప్పితే మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.

వాస్తవం: మిగిలిన అపోహల కన్నా ఎక్కువ చేటు చేసేది ఇదేనని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే రెండు రోజులు తప్పినవాడు తిట్లు తినాలేమోనని రెండు నెలలు మా వైపు రాడు. ఒకటి రెండు రోజులు తప్పితే మరుసటి రోజు నుంచి మామూలుగా వేసుకోవాలి. రెండు రోజుల మోతాదును ఒకేసారి మింగకూడదు. తప్పిన మోతాదులను చివర్లో కలిపి పూర్తి చేయిస్తాము. నెల దాటితే మళ్లీ కళ్లె పరీక్ష చేసి, క్రిమి మందులకు ఇంకా లొంగుతోందో లేదో చూసి, ఆ తరువాతే ఏ మందులు ఇవ్వాలో నిర్ణయిస్తాము.